చలిగదిలో ఫర్ చెట్టు

పోయిన వారం మా అమ్మాయీ అల్లుడూ కలిసి ఒక ఫర్ చెట్టుని కొనుక్కొచ్చి, సింగపూర్ పుంగ్గోల్‌లో మేమందరం కలిసి ఉండే ఫ్లాట్‌లో, సరిగ్గా నా మంచం పక్కన నిలబెట్టారు. నాకు సర్‌ప్రైజ్ అట. ఫర్ చెట్టంటే మీకు తెలియనిదేం కాదు, క్రిస్మస్ రోజుల్లో దీపాలు చుట్టి పైన నక్షత్రం తగిలిస్తారే, ఆకులకు బదులు సూదులుండే ఆ మంచుదేశపు చెట్టు. పండగ ఎవరిదైనా దీపాలు చూడ్డానికి నాకేం అభ్యంతరం లేదు, ప్లాస్టిక్ చెట్టయితే నేనే ముందు నిలబడి గంటలు కట్టేదాన్ని. కానీ ఇది అసలైనది, కుండీలో వేళ్ళతో సహా ఓడెక్కి వచ్చింది, దీనికి రాత్రింబవళ్ళూ చలి కావాలి. "ఇట్ నీడ్స్ ఎయిర్‌కాన్ లా, మా. లేకపోతే చచ్చిపోతుంది," అని మా అమ్మాయి ఏసీ చలి బాగా పెంచి, రిమోట్ తన జేబులో వేసుకుని పోయింది. మా ఆయన మంకీ క్యాపు పెట్టుకుని అటు తిరిగి పడుకున్నారు. ఆ చలిలో, కుండీలోని తడిమట్టి వాసన ముక్కుకి తగిలేసరికి నాకు మాత్రం కడుపులో దేవింది. ఇన్నేళ్ళయినా ఆ రోత నన్ను వదల్లేదన్నమాట.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోయి లోకం తలకిందులైపోతుందని అందరూ వణికిపోయిన రోజులు. ఆ భయం పుణ్యమా అని మన జిల్లాల్లో కోబోల్ అన్న పాత కంప్యూటర్ భాష పేరు పలకడం వచ్చిన ప్రతివాడూ విమానం ఎక్కాడు. మా ఆయన అలా సింగపూర్ వచ్చారు, ఆయన వెనకే నేనూ వచ్చాను. మమ్మల్ని పిలిపించింది మా పెద్దాడపడుచు భర్త. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక పెద్ద భవంతిలో కొంత చోటు అద్దెకు తీసుకుని ఆయన కంపెనీ పెట్టారు. వరసకు నాకు అన్నయ్యగారు, ఆఫీసులో డైరెక్టరు, మా అత్తవారికి ఇంటల్లుడు, ముగ్గురూ ఒకే మనిషి. డైరెక్టరుకైతే అవసరమొస్తే ఎదురు చెప్పొచ్చు, ఇంటల్లుడికి ఎవరు చెప్తారు? ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చుంటే మా ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేవారు, ఆఫీసులో కూడా. పైగా మా ఇద్దరి వర్క్ పాసులూ ఆ కంపెనీ పేరు మీదే ఉండేవి. ఆయనకి కోపమొస్తే మేం పెట్టెలు సర్దుకోవాల్సిందే.

నేను ఎంసీఏ చదివాను. ప్రోగ్రాములు రాసే ఉద్యోగమని చెప్పి రప్పించి, వచ్చాక మెషిన్ రూములో కూర్చోబెట్టారు. పెద్ద కంప్యూటర్లన్నీ ఉండే అద్దాల గది అది. వాటికి రోజూ టేపులు మార్చాలి, ఎర్రదీపం వెలిగితే పై అంతస్తుకి ఫోన్ చెయ్యాలి, అంతే నా పని. యంత్రాలు వేడెక్కకుండా నేలపలకల సందుల్లోంచి చల్లగాలి హోరుమని తన్నుకొచ్చేది. అద్దాల అవతల ఊరు ఊరంతా చెమటలు కక్కుతుంటే, నేను స్వెట్టరూ మేజోళ్ళూ శాలువాతో, మాఘమాసం తెల్లవారుజామున బస్సు కోసం కూర్చున్న మనిషిలా ముడుచుకుని ఉండేదాన్ని. మధ్యాహ్నం కేరేజీ విప్పితే పప్పన్నం రాయిలా ఉండేది. నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలాంటి గదిలోకి ఆ చెట్టు వచ్చింది. కొత్త సంవత్సరం విందుకని ఏదో హోటల్‌కి వెళ్ళిన అన్నయ్యగారు, పండగైపోయాక వాళ్ళు పారెయ్యబోతున్న కుండీ చెట్టుని చూసి మనసు పారేసుకున్నారు. మర్నాడు దాన్ని తెప్పించి నా బల్ల పక్కనే దింపించి, "దీనికి చలీ గాలీ కావాలి చెల్లెమ్మా, మన దగ్గర రెండూ దండిగా ఉన్నాయి," అన్నారు, తానేదో కొత్తగా కనిపెట్టినట్టు. బాపట్ల వైపు ఇసకలో సరుగుడు తోపులు చూస్తూ పెరిగినదాన్ని నేను. నా కంటికది జబ్బు చేసిన సరుగుడు మొక్కలాగే ఉంది. మాతో పనిచేసే కరీంనగర్ ఇంజినీరు ఒకతను నన్ను అక్కా అని పిలిచేవాడు, నేనూ తమ్ముడూ అనేదాన్ని. అతను కుండీ చుట్టూ ఒకసారి తిరిగి, "ఫర్ అంటె కొరకు గదక్కా. మరి గిది ఎవని కొరకు?" అన్నాడు. ఆ ఒక్కరోజే ఆ చెట్టుని చూసి నవ్వాను.

వేపకాయంత వెర్రి అందరికీ ఉంటుందంటారు గానీ అన్నయ్యగారిది గుమ్మడికాయంత. చలిదేశాల్లో చెట్లు పెంచే విధానం మీద ఒక లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చి, అందులో ఉన్నవన్నీ నా చేత చేయించారు. గాలికి మొక్క వాలిపోకుండా గాలి వచ్చే వైపు కర్ర పాతి కట్టాలట, కట్టాను, తాడు దొరక్క నెట్‌వర్క్ కేబుల్ ముక్కతో. వెలుతురు అన్ని వైపులా సమంగా పడాలట, అద్దాల గదిలో ట్యూబులైట్లు తప్ప సూర్యుడెక్కడ, అయినా కుండీని తిప్పుతూ ఉండేదాన్ని. మొదట్లో గాలి చాలదని టేబుల్ ఫ్యాను కూడా పెట్టించారు. దాంతో గాలి కొట్టే వైపు సూదులన్నీ ఎండి ఎర్రబడిపోయాయి. చలిగాలి చెట్టులోని తడినంతా పీల్చేస్తుందని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉందట, ఆయన ఆ పేజీ దాకా రాలేదు. అప్పుడు మానిటర్ల అట్టపెట్టెలు చింపి నేనే దానికి దడి కట్టాను. నాకు దడి కట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా ముచ్చట కోసమైతే ఊరుకుందును. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని, మా కంపెనీలో చెప్పుకోడానికి వేరే ఏమీ లేక, చెట్టు ఫోటో తీయించి కాగితాల మీద అచ్చువేయించారు. ఫర్ చెట్టు సైతం పెరిగేంత చల్లటి మెషిన్ రూము మాది, మీ లెక్కలన్నీ మాకప్పగించండి అని. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఫోటో చూసి ఒక చలిదేశపు పెద్దమనిషి ముచ్చటపడి, కంపెనీలో భాగస్వామిగా చేరతానని, ఏడాది చివర్లో వచ్చి స్వయంగా చూస్తానని కబురుపెట్టాడు. అప్పటిదాకా చెట్టు బతికుండాలి. దాన్ని బతికించే పని నాది.

దసరాకి కొంచెం ముందు నాకు నెల తప్పింది. అంతకుముందొకటి నిలవలేదు. నిలవనప్పుడు ఆడదాని మనసెలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. బెడోక్‌లో మేం అద్దెకుండే ఇంటి దగ్గరి క్లినిక్‌లో చైనా డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని చూసి, "సో కోల్డ్ వన్! రోజంతా అక్కడ కూర్చోవడం కెనాట్ లా," అని గట్టిగా చెప్పింది. చలి వల్లే ముందుది పోయిందని ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను, అనుకోకుండా ఎలా ఉంటాను? పై అంతస్తులో ప్రోగ్రామర్ల హాలుంది, అక్కడ కిటికీలున్నాయి, ఎండ పడుతుంది, ఖాళీ కుర్చీలూ ఉన్నాయి. అక్కడికి మార్చమని సిగ్గు విడిచి అడిగాను. అన్నయ్యగారు నా నెత్తి మీద చెయ్యి వేసినంత పని చేసి, "ఆ పెద్దమనిషి వచ్చి చెట్టు చూసి వెళ్ళనీ చెల్లెమ్మా, ఆ మర్నాడే పైకి పంపిస్తాను, మాట," అన్నారు. ఆ మాట పట్టుకుని కడుపులో బిడ్డనీ కుండీలో చెట్టునీ కలిపి మొయ్యడం మొదలుపెట్టాను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకని మెషిన్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాం, అది మామూలే. అన్నయ్యగారి భార్య, అంటే మా వదినగారు, పట్టుచీర కట్టుకుని స్వయంగా వచ్చారు. కంపెనీకి అదృష్టం తెచ్చే చెట్టని దాని మొదట్లో కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కుండీలోనే పోసి, వెంట తెచ్చిన చెంబెడు పాలూ పోసేశారు. పుట్టలో పోసినట్టు పోస్తుంటే నేను లోలోపల వద్దు వద్దంటూనే ఉన్నాను, ఆడపడుచుకి అడ్డుచెప్పే మొహమా నాది? అది చాలక, మా కరీంనగర్ తమ్ముడికి ఇల్లు గుర్తొచ్చింది. వాళ్ళ వైపు దసరా నాడు జమ్మి ఆకు కోసుకొచ్చి, బంగారమని చెప్పి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కుతారు. సింగపూర్‌లో జమ్మి ఎక్కడ దొరుకుతుంది? "చెట్టంటె చెట్టే గదక్కా, ఇయ్యాల్టికి గిదే జమ్మి," అని నాలుగు సూదులు తుంచి, "బంగారం తీస్కో అక్కా," అంటూ నా చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కాడు. అది చూసి అందరికీ ఊళ్ళు గుర్తొచ్చాయి. తలా గుప్పెడు తుంచారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రానికి చెట్టు కింది సగం ఈకలు పీకిన కోడిలా తయారైంది. ఆ రోజు నాకు వాళ్ళ మీద కోపం రాలేదు.

కోపం తర్వాత వచ్చింది, వాసనతో పాటు. ఎండ తగలని చోట పాలు ఆరవు, ఇంకవు, కుళ్ళుతాయి. మట్టి మీద తెల్లటి జిగురు తేలింది, దాని మీద దూదిలాంటి బూజు పట్టింది, బూజులోంచి ఆవగింజంత దోమలు లేచి నా కేరేజీ మీదా కళ్ళ మీదా వాలేవి. ఎంత మట్టి తోడి పారేసినా కొబ్బరి కుళ్ళూ పాల విరుగుడూ కలిసిన ఆ పులిసిన కంపు పోలేదు, ఏసీ గాలితో గది మొత్తం తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చేది. అసలే వేవిళ్ళు. పొద్దున తలుపు తియ్యగానే కడుపులోది బయటికొచ్చేది, బల్ల కింద చెత్తబుట్ట పెట్టుకుని దాని పక్కనే కూర్చుని టేపులు మార్చేదాన్ని. స్వెట్టరుకి ఆ వాసన, జడకి ఆ వాసన, ఇంటికెళ్ళి తలంటుకున్నా దిండుకి ఆ వాసన. అద్దాల అవతల నిలబడి చెట్టుని చూసి ముచ్చటపడేవాళ్ళెవరికీ ఆ వాసన తెలియదు కదా అనుకుంటే ఒళ్ళు మండిపోయేది.

బోడి కొమ్మలు చూసి అన్నయ్యగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. పాలు పోసింది ఆయన భార్య, సూదులు కోసింది ఊరంతా, తిట్లు తిన్నది నేను. "నువ్వు చూసుకోవద్దా చెల్లెమ్మా?" అన్నారు. మా ఆయన పక్కనే నిలబడి నేలపలకలు చూస్తున్నారు. తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. ప్లాస్టిక్ కొమ్మలు తెప్పించి కింది సగానికి తీగెలతో కట్టించారు. కంపుకి మందుగా, మరుగుదొడ్లు కడగడానికి పనిమనుషులు వాడే పైన్ చెట్టు వాసన ద్రావకం సీసాలకొద్దీ కుండీ చుట్టూ చల్లించారు. కుళ్ళిన పాలమీద దొడ్డి కడిగిన వాసన. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో మీ ఊహకే వదిలేస్తున్నాను.

పెద్దమనిషి వచ్చాడు. ఎర్రటి మొహం, మర్యాదస్థుడు, నాకు కూడా వంగి నమస్కారం పెట్టాడు. మెషిన్ల వంక ఒకసారి చూసి, నేరుగా చెట్టు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు. అచ్చం మా ఊరి అడవి వాసనే అన్నాడు ఇంగ్లీషులో. అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది, మిగతావాళ్ళని చూస్తే అసహ్యమేసింది, ఆ చప్పట్లలో నా చేతులూ ఉన్నాయని గుర్తొచ్చి శాలువాలో దాచుకున్నాను.

మర్నాడు నేను నా కప్పూ కేరేజీ సంచిలో సర్దుకుని, పైకి వెళ్ళడానికి సిద్ధంగా కూర్చున్నాను. అన్నయ్యగారు వెలిగిపోతూ వచ్చారు. ఒప్పందం కుదిరింది, అంతా నీ చేతి చలవే చెల్లెమ్మా, నీ చేతిలో ఏదో మహత్తుంది, అందుకే ఇలాంటి చెట్లు ఇంకొన్ని తెప్పిస్తున్నాను, గది పొడుగునా వరసగా పెడదాం, నువ్వు తప్ప ఎవరూ చూసుకోలేరు అన్నారు. మరి నా సంగతి అన్నాను. కాన్పు దాకా ఎలాగో సర్దుకో, మన కంపెనీయే కదా అన్నారు. చెట్టు చచ్చిపోయి ఉంటే నేను ఆ గదిలోంచి బయటపడేదాన్ని. బతికించినందుకు అందులోనే ఉండాలి. ఈ న్యాయం అర్థం చేసుకోడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

అర్థమయ్యాక ఇంకేం ఆలోచించలేదు. టేపులు మోసే చక్రాల ట్రాలీ తెచ్చి, మా ఆయన్ని పిలిచి, కుండీ ఎత్తి దీని మీద పెట్టండి, నేను ఎత్తకూడదు అని చెప్పాను. ఆయన బావగారి వైపు చూశారు, నా వైపు చూశారు. పెళ్ళయ్యాక ఆయన మొహంలో అంత భయం ఎప్పుడూ చూడలేదు. కానీ వంగి కుండీ ఎత్తారు. అందరూ చూస్తుండగానే ఆఫీసు మధ్యలోంచి ట్రాలీ తోసుకుంటూ నడిచాను, ప్లాస్టిక్ కొమ్మలు ఒక్కొక్కటే ఊడి దారంతా పడుతున్నాయి. "ఏమిటిది చెల్లెమ్మా, ఎక్కడికి?" అని వెనక నుంచి ఇంటల్లుడి గొంతు. "ఎండలోకి అన్నయ్యగారూ, ఇద్దరికీ కావాలి," అన్నాను. లిఫ్టు మీట మా ఆయనే నొక్కారు. జీవితంలో ఆయన చేసిన సాహసం అదొక్కటే, నాకు అది చాలు.

వానల రోజులే అయినా అప్పుడు మంచి ఎండ కాస్తోంది. రాఫెల్స్ ప్లేస్ మధ్యలో ఉన్న రాతి అరుగు మీద కూర్చుని, శాలువా తీసేసి, స్వెట్టరు తీసేసి, అరచేతులు రెండూ ఎండకి పట్టాను. మధ్యాహ్నం తిండికి బయల్దేరిన టైలు కట్టినవాళ్ళు మమ్మల్నీ చెట్టునీ వింతగా చూసుకుంటూ పోయారు. కాసేపటికి, చెట్టు పై సగం వేడెక్కాక, ఒక వాసన వచ్చింది. మరుగుదొడ్డి సీసాది కాదు, పాలది కాదు, దాని సొంత వాసన, నారింజ తొక్కా కర్పూరమూ కలిసినట్టు. అన్నాళ్ళ చలిలో అది దాని లోపలే ఉండిపోయింది కాబోలు. కడుపులో తిప్పకుండా నేను గాలి పీల్చుకున్న మొదటి రోజు అది. ఆ ఎండలో ఆ చెట్టు బతకదని నాకు తెలుసు, బతకలేదు కూడా. చివరికి దాన్ని తీసుకుపోయినందుకు అక్కడి తోటపనివాళ్ళకి రుణపడి ఉన్నాను.

తర్వాత మా పాసులు రద్దవక ముందే ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి మా ఆయన పడ్డ పాట్లు, ఇంటల్లుణ్ణి అవమానించానని మా అత్తగారు ఫోన్‌లో పెట్టిన శాపనార్థాలు, మా వదినగారు ఏళ్ళ తరబడి మాట్లాడకపోవడం, అదంతా వేరే కథ. ఆ కంపెనీ కూడా డాట్‌కామ్ గాలి తగ్గగానే కూలిపోయింది. అన్నయ్యగారు ఇప్పుడు హైదరాబాద్‌లో ఫారెక్స్ అని, విదేశీ డబ్బుల వ్యాపారమట, ఆ చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నారని విన్నాను. ఎండాకాలంలో మా అమ్మాయి పుట్టింది, ఒళ్ళంతా వెచ్చగా.

నిన్న మధ్యాహ్నం దాన్ని అడిగాను, ఇంత ఊళ్ళో నీకు ఈ చెట్టే ఎందుకు దొరికిందే అని. అది నా మెడ చుట్టూ చేతులు వేసి, "అదేంటి మా, చిన్నప్పుడు నువ్వే చెప్పేదానివి కదా, నీ ఆఫీసులో ఫర్ ట్రీ ఉండేదని, ఎండలో పెడితే ఆరెంజ్ స్మెల్ వచ్చేదని. ఎప్పుడైనా నీకొకటి కొనాలని అనుకున్నా," అంది. నిజమే, నేను దానికి అంతే చెప్పాను. పసిపిల్లకి పాలకంపూ చెత్తబుట్టా చప్పట్లూ ఎవరు చెప్తారు? దాని వీపు నిమిరాను.

ఇది మా బ్లాకు కింద, వాయిడ్ డెక్ అని పిలిచే గోడల్లేని ఖాళీ చోట కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ గాలి వెచ్చగా, కాస్త సముద్రపు వాసనతో ఉంది. పక్క బల్ల దగ్గర చైనా తాతలు పావులు జరుపుకుంటున్నారు. అప్పట్లో మమ్మల్ని చలిలో కూర్చోబెట్టినవాళ్ళు స్వార్థంతో కూర్చోబెట్టారు, అసహ్యించుకోవడం సులువు, ట్రాలీ తోసుకుంటూ లేచి రావడమూ సులువే. ప్రేమతో పెట్టిన చలికి ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. గిది ఎవని కొరకక్కా అని మా తమ్ముడు ఆనాడు అడిగినదానికి ఇన్నేళ్ళకి జవాబొచ్చింది, నా కొరకేనట. ఈ పిల్ల కోసం ఆ చెట్టుని బయటికి తోసుకొచ్చాను, ఈ పిల్లే నా కోసం ఆ చెట్టునే లోపలికి మోసుకొచ్చింది. అందుకని ఈసారి చెట్టుని అక్కడే ఉంచి, శాలువా తీసుకుని నేనే బయటికొచ్చాను.